పావు అంగుళం అక్షరం

పుస్తకాలు ఇచ్చేస్తానన్న మాట కృష్ణవేణమ్మ ఒక ఆదివారం పొద్దున, పెనం మీద పెసరట్టు తిరగేస్తూ అనేసింది.

"వచ్చే ఆదివారం తెలుగు అసోసియేషన్ వాళ్ళు గుళ్ళో పాత పుస్తకాల బల్ల పెడతారట. నా నాలుగు కట్టలూ ఇచ్చేస్తాను. దామోదర్ గారు పదింటికి వచ్చి కార్లో వేసుకుపోతానన్నారు. కళ్ళున్నవాళ్ళు చదువుకుంటారు."

"అదేంటమ్మా!" అంది కూతురు ఉజ్వల.

"డిక్లటర్ చేయడం మంచిదే అత్తయ్యా, ఇల్లు ఖాళీ అవుతుంది," అన్నాడు అల్లుడు చక్రపాణి.

వెంకటస్వామి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం అమెరికాలో, పిస్కాటవేలోని ఆ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు 'ఊఁ' లే. కానీ ఆ పూట రెండో పెసరట్టు సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. అది మాత్రం కొత్త.

ఆ నాలుగు కట్టలూ కొనుక్కున్న పుస్తకాలు కావు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళు. చీరాలలో ఉన్న రోజుల్లో కృష్ణవేణమ్మ వారం వారం ఆ పేజీలు కత్తిరించి దాచేది. కథ అయిపోయాక వెంకటస్వామి వాటిని దొంతర పెట్టి, లావు సూది ఎక్కించి, మిషను మీద టకటకా కుట్టేసేవాడు. ఆయన దర్జీ. ఇంట్లో అట్టలు లేవుగానీ జాకెట్టు ముక్కలకి కొదవలేదు. అందుకని ప్రతి కట్టకీ ఒక జాకెట్టు ముక్క అట్టయింది. పేర్లున్న మొదటి పేజీలు ఎప్పుడో చిరిగిపోయాయి. కాబట్టి వాళ్ళింట్లో ఏ కథకీ రాసినవాళ్ళు పెట్టిన పేరు లేదు. మావిడిపిందెల కథ, ఆకుపచ్చ గళ్ళ కథ, జరీ అంచు కథ, ఎర్రచుక్కల కథ. అంతే.

ఆయన మిషను తొక్కుతుంటే ఆవిడ పక్కన ముక్కాలిపీట వేసుకుని పైకి చదివేది. వెంకటస్వామి మూడో తరగతితో బడికి దండం పెట్టిన మనిషి. కూడబలుక్కుని చదవగలడు గానీ, వాక్యం చివరికి చేరేసరికి మొదలేమిటో మర్చిపోతాడు. లోకంలో ఉన్న కథలన్నీ ఆయనకి ఆవిడ గొంతులోంచే తెలుసు. లోకం గురించి తెలిసిన చాలా సంగతులూ అంతే. ఉదాహరణకి, నగల కొట్టువాళ్ళని నమ్మకూడదని ఎర్రచుక్కల కథలోనే నేర్చుకున్నాడు. అందులో నగల కొట్టు వీరయ్య అని ఒకడున్నాడు, తులానికి పావు తులం నొక్కేసే రకం. కరెంటాఫీసు వాళ్ళ సంగతి ఆకుపచ్చ గళ్ళ కథ చెప్పింది.

అమెరికా వచ్చాక కూడా అదే వరస సాగింది. వారానికి మూడు రోజులు పక్కూరు ఐసెలిన్‌లో రేణు గారి చీరల కొట్టు వెనక గదిలో ఆల్టరేషన్ పని. మిగతా రోజులు ఇంటి బేస్‌మెంట్‌లో. పైన మంచు కురిసినా, అల్లుడి ఆఫీసు కాల్స్ మోగినా, కింద మిషను చప్పుడూ కృష్ణవేణమ్మ గొంతూ ఆగేవి కావు.

కిందటి చలికాలం ఆగాయి. కంటి డాక్టరు చూసి, చూపుకి నడిమధ్యలో మచ్చ పడిందన్నాడు. అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు. ముదరకుండా మందు వేస్తానన్నాడు. అక్షరం పెద్దదిగా ఉంటే మాత్రం చదువుకోవచ్చన్నాడు. ఇంట్లో అందరూ మొదటి ముక్క విని కళ్ళు తుడుచుకున్నారు. వెంకటస్వామి చివరి ముక్క విన్నాడు.

అప్పట్నుంచి బేస్‌మెంట్‌లో మిషను ఒక్కటే మోగుతోంది. ఎర్రచుక్కల కథలో హైమవతి అత్తవారింటి గడప దగ్గరే నిలబడిపోయింది. ఆ కథ ఆయన పదిసార్లు విన్నదే. అయినా పక్కన హైమవతి లేకపోతే కుట్టు వంకర పోతోంది. "అంకుల్, ఈ మధ్య మీ చేతిలో ఏదో తేడా వచ్చింది," అని రేణు రెండుసార్లు అననే అంది. అన్నిటికంటే ఆయనకి బెంగ పట్టుకున్నది ఇంకో సంగతి. కృష్ణవేణమ్మ తిట్టడం తగ్గించేసింది. మొన్న చొక్కా గుండీ తప్పు కాజాలో పెట్టుకుని నాలుగుసార్లు ఎదురుగా తిరిగాడు. ఒక్క మాట రాలేదు.

ఇప్పుడు ఆ కట్టలు కూడా గుమ్మం దాటిపోతే ఇక పీట దగ్గరికి వచ్చే పనే ఉండదు ఆవిడకి. ఆదివారం లోపల ఏదో ఒకటి చెయ్యాలి.

దర్జీకి ఒకటే శాస్త్రం. ముందు కొలత, తరవాతే గుడ్డ. వెంకటస్వామి కటింగ్‌కి వాడే బ్రౌన్ పేపరు పొడుగ్గా చింపి, నల్ల స్కెచ్ పెన్నుతో నాలుగు మాటలు రాశాడు. అంగుళం ఎత్తున 'మెడ'. ముప్పావు అంగుళం 'చెయ్యి'. అర అంగుళం 'నడుం'. పావు అంగుళం 'చంక'. ఆవిడ చదివేటప్పుడు పుస్తకం ఎంత దూరంలో పట్టుకునేదో అంత దూరంలో పట్టుకుని పిలిచాడు.

"ఏమే. ఇది చదువు."

"నాకు పరీక్షలా?"

"ఊఁ."

"మెడ, చెయ్యి, నడుం, చంక," అంది ఆవిడ ఊపిరి తీసుకోకుండా. "మీ రాత చదవడానికి కళ్ళెందుకండీ! బాగానే ఉంది సంబడం," అని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

తిట్టింది కదా అని సంతోషించాడు. కొలత దొరికింది కదా అని ఇంకా సంతోషించాడు. పావు అంగుళం. 'చంక' ఉన్న ముక్క కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు.

ఇక వస్తువు సంగతి. వేలితో తోస్తే బొమ్మలు కదిలే అద్దాలు ఆయన చాలానే చూశాడు. చీరల కొట్టుకొచ్చే చంటిపిల్లల చేతుల్లో అవే. ఆయన వాటిని పలకలంటాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"అల్లుడుగారూ. ఈ పలకలున్నాయే, వేలితో తోసేవి. ఏది మంచిది?"

ఒకే గుక్కలో అన్ని మాటలు ఆయన నోట విని ఉజ్వల చేతిలో పప్పుగరిటె ఆగిపోయింది. చక్రపాణి మాత్రం కంచం పక్కకి తోసి లాప్‌టాప్ తెరిచాడు. అతని మొహం పండగలా వెలిగింది.

"మామయ్యా, ముందు యూజ్ కేస్ డిఫైన్ చేద్దాం. స్ట్రీమింగా, రీడింగా, వీడియో కాల్సా? టాబ్లెట్ వేరు, ఈ-రీడర్ వేరు. ఒక షీట్ ఓపెన్ చేస్తాను. మూడు నాలుగు కంపెనీలవి తీసుకుందాం. రివ్యూలు చూద్దాం. బ్లాక్ ఫ్రైడే వరకు ఆగితే..."

వెంకటస్వామికి పరుపు గుర్తొచ్చింది. ఆ ఇంట్లోకి పరుపు కొనడానికి చక్రపాణికి పదకొండు నెలలు పట్టింది. షీట్‌లో నలభై పరుపులు చేరాయి. ఆ పదకొండు నెలలూ మొగుడూ పెళ్ళాం గాలిపరుపు మీద పడుకున్నారు. తెల్లారేసరికి అది చప్పబడి, ఇద్దరూ లోయలో దొర్లినట్టు నడిమధ్యకి చేరేవాళ్ళు.

"ఊరికే అడిగా," అని మజ్జిగన్నం కలుపుకున్నాడు.

మిగిలింది దామోదర్. నాలుగిళ్ళ అవతల కొడుకు దగ్గర ఉంటాడు. కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. మంచివాడే. కానీ కరెంటాఫీసు. ఆకుపచ్చ గళ్ళ కథ విన్న మనిషి అంత తేలిగ్గా నమ్మలేడు. అయితే ఆయనకి కారుంది, వెంకటస్వామికి లేదు. మంగళవారం పొద్దున వెళ్ళి పలక ఒకటి కొనాలని చెప్పాడు. కృష్ణవేణికి చెప్పొద్దని కూడా చెప్పాడు.

"అంతేనా బావగారూ!" అన్నాడు దామోదర్ అప్పుడే బూట్లు వేసుకుంటూ. "కరెంటుతో నడిచేదేదైనా నాకు తమ్ముడి కింద లెక్క. మీరు మాట్లాడకండి. నేను మాట్లాడతాను."

మొదటిది వెంకటస్వామికి కష్టం కాదు. రెండోది దామోదర్‌కి కష్టం కాదు. ఇద్దరూ కలిసి రూట్ వన్ రోడ్డు మీదున్న పెద్ద ఎలక్ట్రానిక్స్ కొట్టుకి వెళ్ళారు. వెంకటస్వామి చంకలో చిన్న సంచి. అందులో ఎర్రచుక్కల కథ. కృష్ణవేణమ్మ మూట కట్టి పెట్టిన కట్టల్లోంచి దాన్ని ఒక్కదాన్నే లాగి, మూట సన్నబడకుండా రెండు పాత కేటలాగులు దూర్చి వచ్చాడు.

పలకల దగ్గర నిలబడ్డ ఆవిడకి ముప్పై దాటి ఉంటాయి. నీలం చొక్కా మీద ఇషా అని పేరు.

"హాయ్! మీరు తెలుగు? నేను తెలుగు మాట్లాడతాను అంకుల్. కొంచెం బ్రోకెన్."

"ఫర్వాలేదమ్మా. చిరిగినవి కుట్టే మనిషిని వెంటబెట్టుకొచ్చాను," అన్నాడు దామోదర్. "ఇప్పుడు చెప్పు. ర్యామ్ ఎంత? ప్రాసెసర్ ఏ జనరేషన్? బ్యాటరీ ఎన్ని గంటలు?"

"ఓకే, ఓకే. బట్ ఎవరు యూజ్ చేస్తారు? దేని కోసం?"

దామోదర్‌కి అది తెలీదు, అడగలేదు. ఇద్దరూ వెంకటస్వామి వైపు తిరిగారు. ఆయన జేబులోంచి బ్రౌన్ పేపరు ముక్క తీసి, అద్దాల బల్ల మీద పెట్టి, వేలితో సాపు చేశాడు.

"అక్షరం ఇంత."

ఇషా వంగి చూసింది. "నాకు తెలుగు చదవడం రాదు. ఇది బ్రాండ్ నేమా?"

దామోదర్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చదివి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూశాడు. "చంక," అన్నాడు చెవిలో చెప్పినట్టు.

"వాట్ ఈజ్ చంక?"

దామోదర్ తన చెయ్యి కాస్త పైకెత్తి చూపించాడు. ఇషా రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పటికి వెంకటస్వామి బల్ల చివరికి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక చిన్న పలక మీద, చెట్టు కింద పుస్తకం చదువుకుంటున్న పిల్ల బొమ్మ ఉంది. మెరుపు లేదు, వెలుగు లేదు, అచ్చు కాగితం మీద బొమ్మలా ఉంది. కొత్త వస్తువు మీద కంపెనీవాళ్ళు అంటించే కాగితం కామోసనుకుని, బొటనవేలి గోటితో మూల దగ్గర గీకడం మొదలుపెట్టాడు. రాలేదు. రెండో మూల పట్టాడు.

"అంకుల్! స్టాప్!"

"కాగితం తియ్యమ్మా. కింద అసలుది చూస్తాను."

"కాగితం కాదు అంకుల్. అదే స్క్రీన్. ఇది ఈ-రీడర్. పేపర్ లాగే కనిపిస్తుంది, కళ్ళకి స్ట్రెయిన్ ఉండదు."

వెంకటస్వామి గోరు వెనక్కి తీసుకున్నాడు. తరవాత దాన్ని చేతిలోకి తీసుకుని, చొక్కా గుడ్డ చూసినట్టు వెలుతురుకి అటూ ఇటూ వంచాడు. బొటనవేలితో నిమిరాడు.

"నూలు," అన్నాడు.

పక్కన పెద్ద పలక తీసుకుని అలాగే వంచాడు. పైన ట్యూబులైట్లన్నీ అందులో కనిపించాయి. దామోదర్ బట్టతల కూడా కనిపించింది.

"సాటిన్. కంట్లో పొడుస్తుంది."

అంటూ ఈ-రీడర్ వైపే వేలు చూపించి, సంచిలోంచి ఎర్రచుక్కల కట్ట తీశాడు. ఇదంతా దాన్లోకి ఎక్కాలన్నట్టు కట్ట మీద తట్టి, పలక మీద తట్టాడు. ఇషా ఆ కట్టని రెండు చేతులతో అందుకుంది. కుట్టు చూసింది, జాకెట్టు ముక్క చూసింది.

"ఓ మై గాడ్. మీరు కుట్టారా? ఇది సో క్యూట్. బట్ అంకుల్, దీనికి కెమెరా లేదు. ఫోన్‌లో ఫోటోలు తీయాలి, కన్వర్ట్ చేయాలి, దీన్లోకి పంపాలి. మీ ఇంట్లో ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఉన్నారా? వాళ్ళు హెల్ప్ చేస్తారు."

వెంకటస్వామి కళ్ళ ముందు లాప్‌టాప్ తెరుచుకుంది, షీటు పరుచుకుంది, గాలిపరుపు చప్పబడింది.

"లేరు," అన్నాడు.

"అదేంటి బావగారూ, చక్రపాణి..."

"లేరు."

"అయితే టాబ్లెట్ తీసుకోండి. కెమెరా ఉంది. మీరే ఫోటో తీసి, మీరే పెద్దది చేసుకోవచ్చు. గ్లేర్ కావాలంటే తగ్గించొచ్చు," అని ఇషా డ్రాయరు లాగి ఒక పల్చటి పొర తీసింది. పలక మీద పరిచి చూపించింది. ట్యూబులైట్లు మాయమయ్యాయి. దామోదర్ తలా మాయమైంది.

వెంకటస్వామి మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "లైనింగ్," అన్నాడు.

తరవాత మెడలోంచి టేపు తీశాడు. ఆయన గుడికెళ్ళినా టేపు మెడలోనే ఉంటుంది. పలకని నిలువుగా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పెట్టె మీదున్న అంకె చూశాడు.

"పదకొండు అని ఉంది. తొమ్మిదింపావే."

"మోసం!" అన్నాడు దామోదర్. "ఏమ్మా, మేనేజర్ని పిలు. రెండంగుళాలు ఏమైనట్టు?"

"లేదు లేదు అంకుల్, ఈ కార్నర్ నుంచి ఆ కార్నర్‌కి కొలుస్తారు. అందరూ అంతే."

వెంకటస్వామి ఐమూలగా టేపు పెట్టి చూశాడు. పదకొండే. టేపు మెడలో వేసుకుంటూ, "ఐమూలగా కొలిస్తే ఎవరి నడుమైనా పెద్దదే," అన్నాడు. ఆ రోజుకి ఆయన కోటా దాదాపు అయిపోయింది.

ఆఖరి పరీక్ష ఒకటుంది. పలకని రెండు చేతులతో, ఛాతీకి జానెడు దూరంలో, కృష్ణవేణమ్మ పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలు. ఐదు నిమిషాలు. దామోదర్ ఈలోగా ఇషాకి చీరాల సబ్‌స్టేషన్ చరిత్ర చెప్పాడు. పది నిమిషాలకి చేతులు దించాడు.

"గుంజడం లేదు. ఇది ఇవ్వు."

"నచ్చకపోతే భయం లేదు బావగారూ, వెనక్కిచ్చేద్దాం. ఇక్కడంతా అంతే. మా కోడలు పెళ్ళికి వేసుకున్న చెప్పులు కూడా వెనక్కిచ్చింది."

వెంకటస్వామి ఆయన వైపు జాలిగా చూశాడు. కత్తెర పడ్డ గుడ్డ వెనక్కి ఎలా ఇస్తారు?

ఇషా ఆయనకి మూడు పనులు నేర్పింది. ఈ గుండ్రం నొక్కితే ఫోటో. ఇలా పక్కకి తోస్తే తరవాత పేజీ. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి విడదీస్తే అక్షరం సాగుతుంది. మూడోది ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. ఏటవాలుగా కోసిన గుడ్డని అలాగే లాగుతారు.

బుధవారం నుంచి శుక్రవారం దాకా రేణు గారి కొట్టు వెనక గదిలో ఒక్క జాకెట్టూ తెమల్లేదు. వెంకటస్వామి కట్ట కుట్లు విప్పాడు. పేజీల మడతల మీద నూలుగుడ్డ వేసి, గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టి సాపు చేశాడు. ఒక్కొక్కటే బల్ల మీద పరిచి, గుండ్రం నొక్కాడు. నూట డెబ్భై రెండు పేజీలు.

"అంకుల్, అవని వాళ్ళ ఫంక్షన్ శనివారం. నాలుగు బ్లౌజులు," అని రేణు తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"ఇస్తా."

"ఏం చేస్తున్నారసలు? పేపర్లు ఇస్త్రీ చేసేవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు."

"ఊఁ."

శుక్రవారం సాయంత్రానికి మొదటి పేజీ తెర మీదకి తెచ్చి, రెండింతలు లాగి, టేపు పెట్టి చూశాడు. సరిగ్గా పావు అంగుళం. ఒక కాలమ్ పలక నిండా అతికినట్టు సరిపోయింది. కట్టని మళ్ళీ మిషను మీద కుట్టి, ఇంటికెళ్ళి ఎక్కడిదక్కడ మూటలో పెట్టేశాడు. నాలుగు బ్లౌజులూ శనివారం మధ్యాహ్నానికి ముగించాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పలక తెచ్చి కృష్ణవేణమ్మ ఒళ్ళో పెట్టాడు. ఏమిటని అడిగితే "చదువు," అన్నాడు. ఆవిడ ముందు దాన్ని దేవుడి దగ్గర పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు సరిగ్గా కెమెరా కన్ను మీద పడింది. ఉజ్వల "అయ్యో నాన్నా, ఇదంతా నువ్వే చేశావా?" అని ఆయన భుజం పట్టుకుంది. చక్రపాణి పెట్టె తిప్పి తిప్పి చూశాడు.

"ఈ మోడలా? దేంతోనైనా కంపేర్ చేశారా మామయ్యా?"

"చేశా."

"దేంతో?"

"సాటిన్‌తో."

కృష్ణవేణమ్మ పలక ముఖానికి జానెడు దూరంలో పట్టుకుంది. గొంతు సవరించుకుంది. "హైమవతి గడప దగ్గర ఆగింది. కుడికాలు ముందు పెట్టమని ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు..." గడగడా చదివేసింది. ఇల్లంతా చప్పట్లు. వెంకటస్వామి మారు మాట లేకుండా బేస్‌మెంట్‌లోకి దిగి, పీట దుమ్ము దులిపి, మిషను ముందు కూర్చున్నాడు. ఆవిడ వచ్చి పీట మీద కూర్చుంది.

ఏడు నెలల తరవాత చక్రంతోపాటు కథ కూడా కదిలింది, హైమవతి గడప దాటింది. అత్తగారు తాళాలిచ్చింది. ఆడపడుచు అలిగింది. కుట్టు గీత గీసినట్టు తిన్నగా పోతోంది. వెంకటస్వామి కాలు హాయిగా ఆడుతోంది. ఆడపడుచు అలక తీరి, పెళ్ళిచూపులు కూడా అయ్యాక, ఆ కాలు ఆగింది.

"ఏమే."

"ఊఁ?"

"పేజీ తిప్పవా?"

ఆవిడ ఉలిక్కిపడి వేలు కదిపింది. "తిప్పానుగా."

"లేదు. పెళ్ళిచూపులు పదో పేజీ. ఇంకా గడప పేజీ మీదే ఉన్నావు."

కృష్ణవేణమ్మ పలక ఒళ్ళో దించింది. కాసేపు ఏమీ అనలేదు. ఆ ఇంట్లో ఆవిడ ఏమీ అనకపోవడం ఎవరికైనా కొత్తే.

"కంఠతా వచ్చు కదండీ. మీరు ముచ్చటపడి తెచ్చారని..."

"కనపడటం లేదా?"

"నల్లగా చీమలు పాకినట్టుంది."

"మరి కాగితం మీద చదివావే?"

"చదవడమేమిటి! పెళ్ళైనప్పట్నుంచి మీరు రాసినవి ఆ నాలుగు మాటలేగా! ఆ వరసే! మెడ, చెయ్యి, నడుం, చంక. చీకట్లో అడిగినా చెబుతాను." గొంతు తగ్గించింది. "పలక బాగుంది. ఉజ్వలకి పనికొస్తుంది. పదవుతోంది, దామోదర్ గారు వచ్చేస్తారు. నేను మూట పైకి తీసుకెళ్తాను."

యాభై ఏళ్ళలో వెంకటస్వామి కొలత తప్పడం అదే మొదలు. ఎంతమంది నడుములు చూపుతోనే కొలిచేశాడు, ఇంట్లో మనిషి చూపు కొలవలేకపోయాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. కానీ కొలత తప్పిందని గుడ్డ పారేసేవాడు దర్జీ కాడు. కుట్లు విప్పి వదులు చేస్తాడు. లేచి వెళ్ళి, ఆవిడ పీట ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పలక మళ్ళీ ఆవిడ చేతుల్లో పెట్టాడు. రెండు వేళ్ళతో అక్షరాన్ని కాస్త లాగాడు.

"ఇది?"

"హైమవతి గడప దగ్గర ఆగింది."

"అది చూడకుండా చెప్పింది."

ఇంకాస్త లాగాడు. ఆవిడ మళ్ళీ హైమవతిని గడప దగ్గరే ఆపింది. ఇలా లాభం లేదనుకుని, కళ్ళు మూసుకుని పేజీలు ఎడాపెడా తోసేశాడు. ఎక్కడ ఆగిందో ఆయనకీ తెలీదు, ఆవిడకీ తెలీదు. అప్పుడు పలకని అడ్డంగా తిప్పి, లాగాడు. అర అంగుళం. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ముప్పావు. తెర మీద పట్టుమని పది మాటలు లేవు.

ఆవిడ కళ్ళు చికిలించింది. తల కాస్త పక్కకి వంచింది.

"మ... ధ్యా... మధ్యాహ్నం... ఎం... ఎండలో..."

వెంకటస్వామి వేళ్ళు తెర మీంచి తీశాడు. ఆవిడ అంత తడబడుతూ చదవడం ఆయన ఎప్పుడూ వినలేదు. గడగడా చదివితే కంఠతా వచ్చింది. తడబడితే చూసి చదివింది.

"...హైమవతి... వీరయ్య కొట్టు... మెట్లెక్కింది." ఆవిడ మొహం విప్పారింది. "కనపడుతోందండీ! వీరయ్య! వీ మీద గుడిదీర్ఘం కూడా కనపడుతోంది!"

"తోయి. తరవాతది చదువు."

తోసింది. చూసింది. నోరు మూసుకుంది.

"ఏం?"

"ఇక్కడ అచ్చు చెరిగిపోయింది. తరవాత పేజీకి పోదాం."

వెంకటస్వామి తెర వైపు చూశాడు. అక్షరాలు ఒక్కొక్కటీ కోటు గుండీ అంత ఉన్నాయి. నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటిలో చెరిగినదేమీ లేదు. అంత పెద్ద అక్షరాలు ఆయన ఒకటో తరగతి గోడ మీద తప్ప ఎక్కడా చూడలేదు. వేలు పెట్టి తనే మొదలుపెట్టాడు.

"ద... ర్జీ. దర్జీ. వీ... రయ్య. దర్జీ వీరయ్య."

"ఏమండీ, కాఫీ పెట్టనా?"

"ప... రమ... దొం... గ."

కృష్ణవేణమ్మ పీట మీంచి సగం లేచింది.

"దర్జీ వీరయ్య పరమ దొంగ," అన్నాడు వెంకటస్వామి, మొత్తం కలిపి. జన్మలో ఆయన మొదలు మర్చిపోకుండా చివరికి చేరిన మొదటి వాక్యం అది. "నగల కొట్టు వీరయ్య కదా?"

"అదీ..."

"తులానికి పావు తులం నొక్కేస్తాడు కదా?"

"గజానికి పావు గజం," అంది కృష్ణవేణమ్మ గొణుగుతూ. తరవాత ఉన్నట్టుండి గొంతు లేపింది. "అయితే ఏమంటారు ఇప్పుడు? మీరు అప్పుడే కొత్త మిషను కొనుక్కున్నారు. దానికి పసుపు రాసి, దండ వేసి, రాజుగారిలా కూర్చుని తొక్కుతున్నారు. మీ మొహంలోకి చూస్తూ దర్జీ పరమ దొంగ అని చదవమంటారా? ఆ రాసినవాడికేం, రాసి పోయాడు. కాపురం చెయ్యాల్సింది నేను!"

అబ్బ, ఎన్నాళ్ళైంది ఆ గొంతు విని! వెంకటస్వామికి కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

"ఇంకెందరిని మార్చావు?"

ఆవిడ వేళ్ళు లెక్కపెట్టింది. "నాలుగు కథల్లోనూ కలిపి ఏడుగురు దర్జీలు."

"అందరూ దొంగలే?"

"ఒకడు మంచివాడు. వాణ్ణి మార్చలేదు."

"మిగిలినవాళ్ళు?"

"ఒకణ్ణి కరణాన్ని చేశాను. వీరయ్యకి నగల కొట్టు పెట్టించాను. ఇద్దరు ఏ ఊరి షావుకార్లో గుర్తులేదు. ఇద్దర్ని కరెంటాఫీసులో వేశాను."

సరిగ్గా అప్పుడే పైన వాకిట్లో కారు హారన్ మోగింది.

వెంకటస్వామి ఒక్క క్షణం తల పైకెత్తి కప్పు వైపు చూశాడు. పైన ఉన్నది కరెంటాఫీసు. నాలుగేళ్ళుగా ఆయన కారెక్కినప్పుడల్లా చేతిలో సంచి గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు పాపం. మోకాళ్ళ మీద చెయ్యి వేసి లేచి, మెట్లెక్కి, వాకిలి తీశాడు.

"మూట ఎక్కడ బావగారూ?" అన్నాడు దామోదర్ డిక్కీ తెరిచి.

"పుస్తకాలివ్వం. ఇంకా మూడు కట్టలు ఫోటోలు తియ్యాలి. లోపలికి రండి బావగారూ, కాఫీ తాగి వెళ్దురుగాని. పెసరట్లు కూడా ఉన్నాయి."

దామోదర్ డిక్కీ మూయడం మర్చిపోయాడు. వెంకటస్వామి నోట బావగారూ అన్న మాట ఆయన అంతవరకు విని ఎరగడు. కింద నుంచి, "మిమ్మల్నే! చెయ్యి కడుక్కోకుండా పలక ముట్టుకున్నారా? తెరంతా సుద్దపొడి!" అన్న కేక ఇల్లంతా వినబడింది. వెంకటస్వామి గుమ్మంలో నిలబడి, తిట్టు పూర్తయ్యేదాకా ఓపిగ్గా విన్నాడు.

మర్నాడు పొద్దున రేణు గారి కొట్టు తాళం తీసే ముందు ఆయన పక్క కొట్టు దగ్గర ఆగాడు. అది నగల కొట్టు. దాని యజమాని నాలుగేళ్ళుగా ఆయన్ని చూసినప్పుడల్లా నమస్కారం పెడుతూనే ఉన్నాడు. వెంకటస్వామి నాలుగేళ్ళుగా షట్టర్ తాళం వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఆయనే ముందుగా టేపు సర్దుకుని, రెండు చేతులూ జోడించి, వంగి నమస్కారం పెట్టాడు.

నగల కొట్టాయన తన వెనకాల ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాడు.